ఓడలు బండ్లయ్యాయి.. మరి బండ్లు?

ప్రపంచంలో మనిషి కట్టిన ఓడలన్నిటిలోకీ పొడవైన ఓడ ఎక్కడ చచ్చిందో తెలుసా? మన దేశంలోనే. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో, బురదలో. 2009 డిసెంబరులో తెచ్చి ఒడ్డుకెక్కించారు. 2010లో గ్యాస్ కట్టర్లు పట్టుకున్న కూలీలు ముక్కలు ముక్కలుగా కోశారు. అది పుట్టింది జపాన్‌లో. కొని పెంచింది హాంకాంగ్ షావుకారు. మోసింది గల్ఫ్ ముడి చమురు. దాని మీద పైసలు తిన్నవాళ్లు ఏయే దేశాల్లో ఉన్నారో వాళ్లకే తెలియాలి. అంత్యక్రియల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ మన అడ్రసే గుర్తొచ్చింది. ఎంత గౌరవం! ఎంత ఆప్యాయత!

దాని మొదటి పేరు సీవైజ్ జెయింట్. పొడవు 458 మీటర్లు. మహబూబాబాద్ స్టేషన్లో ఆగే ఇరవై బోగీల రైలంత. మోసే బరువు 5,64,763 టన్నులు. నిండుగా నింపితే నీళ్లలో 24 మీటర్లకు పైగా మునిగేది. సూయజ్ కాలువలో పట్టదు. పనామాలో పట్టదు. నిండు సరుకుతో ఇంగ్లిష్ చానెల్ కూడా దాటలేదు. మరి ఇంత పెద్దది ఎందుకు కట్టారయ్యా అంటే, పక్కవాడి దానికన్నా పెద్దది కావాలి కాబట్టి. 1988 మే 14న ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాక్ విమానాలు దాన్ని లారక్ దీవి దగ్గర కొట్టి ముంచాయి. పైకి తీశారు. అతుకులేశారు. మళ్లీ అమ్మారు. హ్యాపీ జెయింట్, యారె వైకింగ్, నాక్ నెవిస్, మాంట్.. టికెట్ రాని ఎమ్మెల్యే కండువాలు మార్చినట్టు పేర్లు మార్చుకుంటూ పోయింది. ఆఖరి ఐదేళ్లు ఖతార్ దగ్గర కదలకుండా నిలబడి చమురు నిల్వ చేసే డబ్బాగా బతికింది. ఇదీ ప్రపంచ రికార్డు గారి జీవిత చరిత్ర.

'అయితే మాకేంది?' అని జనగామ పాఠకుడు అడుగుతాడు. అడగాలె కూడా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. మన మూడు జిల్లాల్లో సముద్రం లేదు, రేవు లేదు, ఉప్పు గాలి కూడా రాదు. కానీ బంకు ఉంది కదా! ఆ బంకులో పోసే ప్రతి బొట్టు వెనకా ఒక ఓడ ఉంది. దేశం తాగే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే రావాలి. ఒక పెద్ద ట్యాంకరులో 20 లక్షల పీపాలు పడతాయి. అంటే 31 కోట్ల లీటర్ల పైచిలుకు. అలాంటివి రోజుకు రెండున్నర ఓడల సరుకు ఈ దేశం గటగటా తాగేస్తోంది. విశాఖకు వచ్చే వాటా సముద్రంలో తేలే బోయా దగ్గర దిగుతుంది. గొట్టంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీకి చేరుతుంది. అక్కడ డీజిలూ పెట్రోలూ అయి 572 కిలోమీటర్ల పైపులైను పట్టుకుని విజయవాడ, సూర్యాపేట మీదుగా ఘట్‌కేసర్ దాకా వస్తుంది. ఆపైన లారీ ఎక్కి మన రోడ్డు మీదికి. ఇంత ప్రయాణం చేసిన డీజిలు జనగామలో వరికోత యంత్రంలోకి, మహబూబాబాద్‌లో మిర్చి బస్తాల ట్రాలీ ఆటోలోకి, భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లోకి పోతుంది. దారి పొడవునా అందరూ తలా ఇంత తీసుకుంటారు. చివర్లో నిలబడినోడు ఒక్కడే ఇచ్చేవాడు.

"ఎంత కొట్టాలన్నా?"

"నూరుది కొట్టు తమ్మీ."

నూరు రూపాయలకు లీటరు పెట్రోలు కూడా రాని రాజ్యం ఇది. ఆ నూరు వెనక కథ వినండి.

మొదట్లో ట్యాంకర్లు ఇంత లావు లేవు. 1956లో సూయజ్ కాలువ మూతబడింది. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. దూరం పెరిగితే ఓడ పెద్దదైతేనే గిట్టుబాటు. లెక్క సులువే. ఓడ పొడవు, వెడల్పు, లోతు మూడూ రెట్టింపు చేస్తే పట్టే ఇనుము దాదాపు నాలుగింతలు, పట్టే చమురు ఎనిమిదింతలు. సిబ్బంది మాత్రం అదే ముప్పై మంది. షావుకారుకు ఇంతకన్నా తియ్యటి లెక్క ఉంటుందా? 1959లో అమెరికా కుబేరుడు డేనియల్ లుడ్విగ్ లక్ష టన్నులు దాటిన మొదటి ట్యాంకరు యూనివర్స్ అపోలో కట్టించాడు. ఎక్కడ? జపాన్ నావికాదళం తన యమాటో యుద్ధనౌకను కట్టుకున్న కురే యార్డులోనే. 1966లో ఇదెమిత్సు మారు 2 లక్షల టన్నులు దాటింది. 1967లో సూయజ్ మళ్లీ మూతబడింది. ఈసారి ఎనిమిదేళ్లు. ఇంకేముంది! 1968లో ఇంకో ఓడ 3 లక్షలు దాటింది. 1973లో 4 లక్షల 80 వేలు. 1976లో ఫ్రాన్సులో బటిల్లుస్ వచ్చి ఐదున్నర లక్షల మీద కూర్చుంది. పది లక్షల టన్నుల ఓడకు బొమ్మలు గీసినవాళ్లూ ఉన్నారు. కాగితం మీద ఏ ఓడైనా తేలుతుంది.

ఈ పోటీలో మనవాళ్లు లేరనుకుంటున్నారా? ఎందుకు లేరు! 1973లో 4 లక్షల 80 వేల టన్నుల గ్లోబ్‌టిక్ టోక్యో యజమాని రవి టిక్కూ. కశ్మీరీ. భారత నౌకాదళం మాజీ అధికారి. లండన్‌లో కొలువు. అప్పటికి అదే ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ. అక్కడితో ఆగాడా? అణు ఇంధనంతో నడిచే 6 లక్షల టన్నుల ట్యాంకర్లు కట్టిస్తానన్నాడు. అవి కాగితం దాటలేదు. హద్దు దాటింది మాత్రం ఇంకోటి. 1977లో ఆయన గ్లోబ్‌టిక్ వీనస్ ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవులో ఉండగా ఫిలిప్పీన్స్ సిబ్బంది జీతాల కోసం సమ్మె చేశారు. షావుకారు ఏం చేశాడు? జీతం పెంచాడా? ఇంగ్లాండులోని గ్రిమ్స్‌బీ నుంచి గొడ్డలి కామలు పట్టుకున్న జనాన్ని పంపి ఓడను స్వాధీనం చేసుకున్నాడు. లక్షల టన్నుల ఓడకు పైసలున్నాయి. ముప్పై మంది కూలికి లేవు. ఈ లెక్క మనకు ఎక్కడో తెలిసిన లెక్కలాగే లేదూ?

అచ్చంగా తెలుగోడి కథ కావాలా? అదీ ఉంది. జయంతి ధర్మతేజ. 1961లో జయంతి షిప్పింగ్ కంపెనీ పెట్టాడు. చేతిలో పెట్టుబడి 200 రూపాయలంటారు. సర్కారు ఇచ్చిన అప్పు 20 కోట్ల పైచిలుకు. 1961లో 20 కోట్లు! ఇవాళ జనగామ రైతు లక్ష రూపాయల పంట రుణానికి పోతే పాస్‌బుక్కు, ఆధార్, పహాణీ, నో డ్యూ సర్టిఫికెట్, ఆపైన 'సార్ లంచ్‌కు పోయిండు, రేపు రా' అనే మాట. ధర్మతేజకు ఏం అడిగారు? నెహ్రూ గారి ఇంట్లో చనువు ఉందా అని అడిగారు. ఉంది. సరిపోయింది. జపాన్ యార్డుల్లో ఓడలు వరసగా దిగాయి. పేపర్లు మహానుభావుడన్నాయి. 1966 వచ్చేసరికి కంపెనీ మునిగింది. ఓడలు మునగలేదు సుమా, లెక్కలు మునిగాయి. సర్కారు యాజమాన్యం చేతికి తీసుకుంది. ఆయన విదేశాలకు జారుకున్నాడు. కోస్టారికా దౌత్య పాస్‌పోర్టు కూడా సంపాదించాడు. చివరకు లండన్ నుంచి పట్టుకొచ్చి నిలబెడితే 1972లో మూడేళ్ల శిక్ష పడింది. ఓడలు, అప్పులు కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ నెత్తిన, అంటే మన నెత్తిన పడ్డాయి. అప్పు తీసుకుని లండన్ పోవడం నిన్న మొన్న పుట్టిన విద్య అనుకునేవాళ్లు జర చరిత్ర చదవండి. ఆ బాటకు కొబ్బరికాయ కొట్టింది మనోడే.

ఇక పతనం. 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం. కొన్ని నెలల్లో చమురు ధర నాలుగింతలు. ఐరోపా తాగడం తగ్గించింది. 1975 జూన్‌లో సూయజ్ తెరిచారు. ఆఫ్రికా చుట్టూ తిరగాల్సిన పని తగ్గింది. అలస్కాలో, నార్త్ సీలో కొత్త చమురు వచ్చింది. కానీ యార్డుల్లో ఆర్డర్లు ఇచ్చిన ఓడలు అలాగే తయారవుతున్నాయి. ఈ ఓడల నడక చూడండి, నిండు వేగంలో ఉన్న పెద్ద ట్యాంకరును ఆపాలంటే ఇంజన్ వెనక్కి తిప్పినా కొన్ని కిలోమీటర్లు కొట్టుకుపోయాకే ఆగుతుంది. దాన్ని ఆర్డరిచ్చిన పెద్దమనుషులు అంతకన్నా నెమ్మది. బటిల్లుస్ ఆర్డరు ఇచ్చింది 1971లో. ధరలు పేలాయి, సరుకు లేదు, అయినా రద్దు చేసుకుంటే ఇంకా నష్టమని కట్టించారు. 1976లో నీళ్లలోకి దిగింది. 1985లో తుక్కుకు పోయింది. తొమ్మిదేళ్లు! దాని చెల్లెలు పియేర్ గియోమా 1977లో వచ్చి 1983లో పోయింది. ఆరేళ్లు. ఫ్రాన్సు చమురు రంగాన్ని నిలబెట్టిన పెద్దమనిషి పేరు పెట్టారు దానికి. బతికుండగానే ఆయన తన పేరు తుక్కు కావడం చూశాడు. నార్వే ఫియర్డుల్లో పని లేని ట్యాంకర్లు వరసగా లంగరేసుకుని తుప్పు పట్టాయి. కొన్నయితే యార్డులో రంగు ఆరకముందే నేరుగా అక్కడికి పోయాయి. పెళ్లి మండపం నుంచి తిన్నగా శ్మశానానికి.

భూపాలపల్లి పాఠకుడు ఇక్కడ ముసిముసి నవ్వుతున్నాడు. నాకు తెలుసు. 'ప్రపంచంలోకెల్లా పెద్దది' అనే మాట ఆయనకు కొత్తనా? తన జిల్లాలోనే, మహదేవపూర్ మండలంలోనే వినలేదా? 2019 జూన్ 21న ముగ్గురు ముఖ్యమంత్రులు, ఒక గవర్నరు వచ్చి మేడిగడ్డ దగ్గర బ్యారేజీని ప్రారంభించారు. ప్రపంచంలోకెల్లా పెద్ద బహుళ దశల ఎత్తిపోతల పథకమన్నారు. డాక్యుమెంటరీలు తీశారు. ఊరూరి నుంచి బస్సులు పెట్టి చూపించారు. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు కుంగాయి. నాలుగేళ్ల నాలుగు నెలలు. పాపం బటిల్లుస్ తొమ్మిదేళ్లు బతికింది, ఆరోగ్యంగానే. ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని కాగ్ లెక్క కట్టింది. ఆపైన జస్టిస్ ఘోష్ కమిషన్. ఆపైన నివేదిక. ఆపైన సీబీఐ మాట. కట్టినోడు 'నా తప్పు కాదు' అంటాడు. ఇప్పుడున్నోడు 'చూశారా నేనన్నానా' అంటాడు. చేలో నీళ్ల సంగతి ఎవడన్నా అంటాడా? బటిల్లుస్ కట్టించిన షెల్ కంపెనీకి కనీసం నష్టం తన బ్యాలెన్స్ షీట్లో రాసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఆ బాధ కూడా లేదు. రాసుకునే పుస్తకం మనది.

మహబూబాబాద్ ఊరుకుంటుందా? దాని వాటా దానికుంది. సీవైజ్ జెయింట్‌ను కోస్తే సుమారు 80 వేల టన్నుల ఇనుము వచ్చింది. అలంగ్ ఇనుము రోలింగ్ మిల్లులకు పోయి సలాకలవుతుంది. ఏ ఊళ్లో ఎవరి స్లాబులో పడిందో దేవుడికెరుక. జపాన్ ఇనుము గుజరాత్‌లో కరిగి ఇళ్లకు చేరిందే గానీ, బయ్యారం ఇనుము మాత్రం బయ్యారం దాటలేదు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలు ఏం చెప్పింది? ఆరు నెలల్లో సెయిల్ ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని చెప్పింది. ఆరు నెలలు! ఆ ఆరు నెలలు దశాబ్దం దాటి ఇంకా నడుస్తున్నాయి. కేంద్రం ఖనిజంలో నాణ్యత లేదంటుంది. రాష్ట్రం కేంద్రంలో నిజాయితీ లేదంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారేమో ఎవరు చూడొచ్చారు? ప్రతి ఎన్నికలకూ బయ్యారం మైకుల్లో మాత్రం ఉక్కు పోత పోస్తూనే ఉంటారు.

మళ్లీ సముద్రానికి వద్దాం. పెద్ద ఓడలు పెద్దగానే పగులుతాయి. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ బ్రిటన్ తీరంలో రాళ్లకు కొట్టుకుంది. మొదట 60 వేల టన్నుల ఓడ అది. కోసి, మధ్యలో అతికి, రెట్టింపు చేశారు. యజమాని కాగితం మీద ఒక కంపెనీ. జెండా లైబీరియాది. అద్దెకు తీసుకుంది బ్రిటిష్ పెట్రోలియం. రేవులో ఆటుపోటు దాటిపోతుందని కెప్టెన్ దగ్గరి దారి పట్టాడు. లక్ష టన్నులకు పైగా చమురు. బ్రిటిష్ వైమానిక దళం ఏం చేసిందో తెలుసా? బాంబులేసింది. సముద్రం మీద, తన తీరం పక్కనే, నాపామ్‌తో సహా. రోగం కుదరకపోతే రోగిని కొట్టినట్టు! 1978 మార్చిలో అమోకో కాడిజ్ ఫ్రాన్సులోని బ్రిటనీ తీరాన విరిగి 2 లక్షల 23 వేల టన్నులు ఒలకబోసింది. బెస్తవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి పరిహారం కథ తెమిలేసరికి 1992 వచ్చింది. 1989లో అలస్కాలో ఎక్సాన్ వాల్డెజ్. 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్ల దండన వేసింది. 2008లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని 50 కోట్ల డాలర్ల దగ్గరికి దించింది. పెద్దవాడికి పదో వంతు శిక్ష. అక్కడా అంతే.

ఇక ఇక్కడ చూడండి. 2024 కొత్త సంవత్సరం మొదటి రెండు రోజులూ గుర్తున్నాయా? బంకుల ముందు కిలోమీటరు బారులు. హైదరాబాద్‌లో ఒకాయన గుర్రం మీద ఫుడ్ డెలివరీకి పోయిన వీడియో ఊరంతా తిరిగింది. ఎందుకు? భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్ మీద లారీ డ్రైవర్లు లొల్లి చేశారు. ప్రాణం పోయే ప్రమాదం చేసి చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలు అని అందులో రాశారు. మంచిదే, మనిషి ప్రాణం ప్రాణమే. కానీ ఒక్క ప్రశ్న. ఘట్‌కేసర్ నుంచి పన్నెండు వేల లీటర్లు తెచ్చే లారీ డ్రైవరుకు పదేళ్లు. 31 కోట్ల లీటర్లు తెచ్చి తీరాన్ని నాశనం చేసే ఓడ యజమానికి? ఆయన లైబీరియాలోని పోస్టు బాక్సులో ఉంటాడు. పోస్టు బాక్సును జైల్లో పెట్టే చట్టం ఏ దేశమూ ఇంకా చేయలేదు.

మన సన్నద్ధత మీద మాత్రం అనుమానం పెట్టుకోకండి. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి చమురు ట్యాంకరు. ఒలికింది పెద్దగా ఏం లేదని మొదట సర్కారోళ్లు చెప్పారు. తరువాత టన్నులు టన్నులుగా నల్ల జిడ్డు ఒడ్డుకొచ్చింది. అంతరిక్షంలోకి ఒకే రాకెట్టుతో 104 ఉపగ్రహాలు పంపిన దేశం అది. ఆ ప్రయోగం జరిగింది మరుసటి నెలలోనే. చమురు మాత్రం ప్లాస్టిక్ బకెట్లతో తోడింది. బకెట్లు! కాలేజీ పిల్లలు, బెస్తవాళ్లు, పారిశుధ్య కార్మికులు వరసలో నిలబడి చేతులతో.

ఇప్పుడు అసలు ముచ్చట. మన జేబు.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. దునియా మొత్తం ఇంట్లో కూర్చుంది. చమురు కొనేవాడు లేడు. పెట్టడానికి చోటు లేదు. ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు ధర మైనస్ 37.63 డాలర్లు. అంటే తీసుకుపోయేవాడికే ఎదురు డబ్బులు. పనికిరావన్న పెద్ద ట్యాంకర్లకు ఒక్కసారిగా మళ్లీ యోగం పట్టింది. తిరగడానికి కాదు, చమురు నింపుకుని ఊరికే నిలబడటానికి. రోజు అద్దె 2 లక్షల డాలర్ల దాకా పోయింది. నిలబడినందుకు! మన దగ్గర ఎండలో రోజంతా ధాన్యం కాంటా కోసం నిలబడే రైతుకు ఆ రేటు ఎవడన్నా కట్టి ఉంటే? మన సర్కారు కూడా తెలివిగానే విశాఖ కొండ కింద 13.3 లక్షల టన్నుల గుహను, మంగళూరు, పాదూరు గుహలను చవక చమురుతో నింపింది. మూడూ కలిపి దేశానికి తొమ్మిదిన్నర రోజుల సరుకు. 5,000 కోట్లు ఆదా చేశామని చప్పట్లు కొట్టుకుంది. శభాష్.

ఆ చవక జనగామ బంకు దాకా వచ్చిందా? వస్తుందనుకున్నారా? అమాయకులు. 2020 మార్చిలో లీటరుకు 3 రూపాయల ఎక్సైజ్ పెంపు. మే 5 రాత్రి పెట్రోలు మీద 10, డీజిలు మీద 13. ఊళ్లో ఆటో నడవనివ్వని రోజుల్లో ఆటోలో పోసే డీజిలు మీద పన్ను పెంచారు. 2014లో కేంద్రం డీజిలు మీద తీసుకున్నది లీటరుకు 3 రూపాయల 56 పైసలు. 2020లో 31 రూపాయల 83 పైసలు. తొమ్మిదింతలు దగ్గర. 2020-21 ఒక్క ఏడాదిలో పెట్రోలు, డీజిలు మీద ఎక్సైజ్ రాబడి 3.35 లక్షల కోట్లు. ఎందుకు తగ్గించరంటే పాత ప్రభుత్వం ఆయిల్ బాండ్ల అప్పు అన్నారు. ఆ అప్పు మొత్తం 1.3 లక్షల కోట్లు. ఒక్క ఏడాది వసూలుతో రెండున్నర సార్లు తీరేది. పాత ప్రభుత్వమూ తక్కువ తిన్నదేం కాదు. ఎన్నికల ముందు ధరలు తొక్కిపట్టి, అప్పు పత్రాలు రాసి పుట్టబోయే పిల్లల చేతిలో పెట్టింది. ఒకరు వాయిదా దొంగ, ఒకరు నగదు దొంగ.

రాష్ట్రం? అది మన సొంత తల్లి కదా! తెలంగాణ వచ్చాక పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం చేశారు. శాతంలో పన్ను ఉంటే అందం చూడండి, ఢిల్లీ ధర పెంచిన ప్రతిసారీ హైదరాబాద్‌కు కూర్చున్న చోట కమీషన్. 2021 నవంబరులో కేంద్రం దించింది, రాష్ట్రాలూ దించండి అన్నది. చాలా రాష్ట్రాలు దించాయి. అప్పటి ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ పెట్టి మరీ దించేది లేదన్నారు. 2023 డిసెంబరులో సర్కారు మారింది. జెండా మారింది. గేటు తెరిచారు, కంచె తీశారు, ప్రజావాణి పెట్టారు. వ్యాట్ మాత్రం 35.2 దగ్గరే పద్మాసనం వేసుకుని కూర్చుంది. సీవైజ్ జెయింట్ బతకడానికి పేర్లు మార్చుకుంది, వ్యాట్‌కు పేరు మార్చాల్సిన అవసరం కూడా రాలేదు.

2022 వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధం. రష్యా చమురును ఐరోపా వద్దంది. మనం ముద్దన్నాం. 2 శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటింది. తగ్గింపు ధరకే! దాన్ని మోసింది ఎవరు? అలంగ్‌కు పోవాల్సిన ముసలి ట్యాంకర్లు. పదిహేనేళ్లు దాటినవి, బీమా ఉందో లేదో తెలియనివి, ఎక్కడున్నామో చెప్పే యంత్రం ఆర్పేసి నడిచేవి. ప్రపంచం వాటికి నీడ నౌకాదళం అని పేరు పెట్టింది. ముంబయిలో ఓ షాపింగ్ మాల్ అడ్రసుతో ఉన్న కంపెనీ ఏడాదిన్నరలో యాభైకి పైగా ట్యాంకర్లకు యజమాని అయింది. మాల్‌లో చెప్పుల షాపు పక్కన నౌకాదళం! ధర్మతేజ బతికుంటే ఎంత మురిసిపోయేవాడో.

ఆ తగ్గింపు ఎవరి జేబులోకి పోయింది? 2022 మే నుంచి 2024 మార్చి దాకా హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 109 రూపాయల 66 పైసలు. ముడి చమురు 120 డాలర్ల దగ్గర ఉన్నా 109.66. 75కు పడ్డా 109.66. 2017 జూన్ నుంచి ధర రోజూ మారుతుందని చెప్పారు కదా? మార్కెట్‌కు స్వేచ్ఛ అన్నారు కదా? ఆ స్వేచ్ఛ ఎన్నికలప్పుడు ఏమవుతుంది? 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా, ఉత్తరప్రదేశ్ ఓట్లు పడి లెక్క తేలిన కొద్ది రోజుల వరకు, 137 రోజులు మార్కెట్ మౌనవ్రతం పట్టింది. 2023-24లో ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం మూడూ కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం చూపించాయి. 2024 మార్చి 14న రెండు రూపాయలు తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కాకతాళీయం. పూర్తిగా కాకతాళీయం. నమ్మకపోతే మీరు దేశద్రోహులు.

ఇప్పుడు కొత్త కల. 1980ల చివర్లో మన విదేశీ సరుకులో 40 శాతం మన జెండా ఓడలే మోసేవి. అది ఈదుకుంటూ ఈదుకుంటూ 5 శాతం చుట్టుపక్కలకు వచ్చింది. షిప్పింగ్ కార్పొరేషన్‌ను అమ్ముతామని 2019లో బేరం పెట్టారు. అమ్మకం జరగలేదు, పెంపకం జరగలేదు. ఇంతలో 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఓడల తయారీకి 69,725 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. పెద్ద ఓడలు కడతాం, ట్యాంకర్లు కడతాం, ప్రపంచంలో ముందుంటాం. ఒక చేత్తో ఉన్న ఓడల కంపెనీకి 'అమ్మకానికి కలదు' బోర్డు, ఇంకో చేత్తో కొత్త ఓడలకు కొబ్బరికాయ. దుకాణం ఎత్తేస్తూ కొత్త బోర్డు రాయించుకునే షావుకారును మీ ఊళ్లో ఏమంటారు?

ప్రపంచమేమో భారీ ట్యాంకర్ల మోజు ఎప్పుడో వదిలేసింది. ఐదు లక్షల టన్నుల దాన్ని ఇవాళ కట్టేవాడు లేడు. 2002, 2003లో కొరియాలో కట్టిన నాలుగు లక్షల 40 వేల టన్నుల నాలుగు ఓడలే ఆ వంశంలో ఆఖరివి. వాటికీ చివరకు నిల్వ డబ్బా ఉద్యోగమే దొరికింది. మూడు లక్షల టన్నులు చాలు, ఎక్కువ రేవులకు పోవచ్చు, సరుకు తేలిగ్గా దొరుకుతుంది అని షావుకార్లు లెక్క నేర్చుకున్నారు. దెబ్బ తిని నేర్చుకున్నారు, సొంత సొమ్ము పోగొట్టుకుని నేర్చుకున్నారు. మన పెద్దలు ఎందుకు నేర్చుకోరంటే, పోయిన సొమ్ము ఏనాడూ సొంతం కాదు.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు పెద్దలు. మొదటి సగం కళ్లారా చూశాం. బటిల్లుస్ బండి అయింది. సీవైజ్ జెయింట్ సలాకయింది. ధర్మతేజ ముద్దాయి అయ్యాడు. రెండో సగం సంగతేంది? జనగామ ట్రాక్టరు ఇంకా ట్రాక్టరే. కిస్తీ కట్టని ట్రాక్టరు అయితే అది కూడా కాదు, ఫైనాన్సోడు పట్టుకుపోయిన ట్రాక్టరు. భూపాలపల్లి టిప్పరు డ్రైవరు ఇంకా దినసరి లెక్కే. మహబూబాబాద్ ట్రాలీ ఆటో మిర్చి మోసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోతే, ధర పడిపోయిందని తిరుగు డీజిలుకు అప్పు చేసి వస్తుంది.

మళ్లీ ఎన్నికలు వస్తాయి. షెడ్యూలుకు రెండు రోజుల ముందు రెండు రూపాయలు తగ్గుతాయి. అందాక నూరుదే కొట్టించుకోండి, నిండుగా పోయించుకుని ఆ రెండు రూపాయలు నష్టపోకండి.